1.6 తీసుకోవాలా, 1.9 తీసుకోవాలా? ప్యూజో 205 జీటీఐ కొనబోతున్న పాఠకుడికి

ప్రశ్న: నమస్కారమండీ. మాది కాకినాడ. తొమ్మిదేళ్లుగా ఫ్రాన్స్‌లోని టూలూజ్‌లో విమాన పరిశ్రమలో ఇంజనీరుగా పనిచేస్తున్నాను. రోజూ ఆఫీసుకు వెళ్లడానికి వేరే కారు ఉంది. సెలవు రోజుల్లో పిరనీస్ కొండల వైపు, లూషోన్ దాకా వెళ్లి రావడానికి ఒక పాత ప్యూజో 205 జీటీఐ కొందామని రెండేళ్లుగా డబ్బు కూడబెట్టాను. ఇప్పుడు రెండు కార్లు నా దృష్టికి వచ్చాయి. మొదటిది 1988 నాటి 1.6 లీటర్ల ఇంజన్ రకం. 1,68,000 కిలోమీటర్లు తిరిగింది, ఇద్దరే యజమానులు, సర్వీసు బిల్లులన్నీ ఫైలులో ఉన్నాయి, రంగు అక్కడక్కడ వెలిసిపోయింది. ధర 16,500 యూరోలు. రెండోది 1989 నాటి 1.9. కొత్తగా ఎర్ర రంగు వేయించారు, మీటరు 1,12,000 చూపిస్తోంది, పాత బిల్లులు లేవు. ధర 21,000 యూరోలు. నా మిత్రులు ‘కొంటే 1.9 కొను, ర్యాలీలు గెలిచింది అదే, డబ్బు చాలనివాళ్లు కొనుక్కునేది 1.6’ అంటున్నారు. నాలుగేళ్ల పాపను వెనక సీట్లో కూర్చోబెట్టాలంటే మా ఆవిడకు బెంగగా ఉంది. ఏది తీసుకోమంటారు? మరొక చిన్న సందేహం. 1990లలో హైదరాబాదులో మా నాన్నగారికి ప్యూజో 309 ఉండేది. దానికీ దీనికీ ఏమైనా చుట్టరికం ఉందా?

సమాధానం: ముందుగా మీ మిత్రులు చెప్పిన ర్యాలీల సంగతి తేల్చుకుందాం, ఎందుకంటే 1.9 మీద చాలామందికి ఉన్న మోజులో సగం ఆ పొరపాటు నుంచే పుట్టింది. 1985, 1986 సంవత్సరాల్లో ప్రపంచ ర్యాలీ చాంపియన్‌షిప్‌లో ప్యూజోకు తయారీదారుల టైటిల్ తెచ్చిపెట్టినదీ, మొదటి ఏడు టిమో సాలొనెన్‌ను, రెండో ఏడు యూహా కాంకునెన్‌ను విజేతలుగా నిలబెట్టినదీ 205 టర్బో 16 అనే కారు. దాని ఇంజన్ బానెట్ కింద ఉండదు, సీట్ల వెనక ఉంటుంది. ఆ ఇంజన్‌కు టర్బో ఉంది, నాలుగు చక్రాలకూ శక్తి అందుతుంది, పోటీ నిబంధనల కోసం రోడ్డు మీద తిరిగే రూపంలో దానిని 200 మాత్రమే చేశారు. జీటీఐతో దానికున్న పోలిక ముఖకవళికల వరకే. పైగా 1.9 జీటీఐ మార్కెట్లోకి వచ్చింది 1986 చివర్లో, అంటే ఆ విజయాలు దాదాపు ముగిసిన తరువాత. కాబట్టి ఆ ఘనతను మీరు చూసిన రెండు కార్లలో దేని ధరకూ కలపనక్కరలేదు.

1.6 ‘డబ్బు చాలనివాళ్ల కారు’ అన్న మాట కూడా చరిత్రకు సరిపోదు. 205 పుట్టింది 1983లో. మరుసటి ఏడు దానికి 1,580 సీసీల ఇంజన్ అమర్చి, 105 హార్స్‌పవర్‌తో జీటీఐ అని పేరు పెట్టి అమ్మినప్పుడు ఉన్నది ఆ ఒక్క కారే, యూరప్ అంతా జీటీఐని నెత్తిన పెట్టుకున్నదీ ఆ కారును చూసే. 1986లో ఇంజన్ పైభాగంలో పెద్ద వాల్వులు పెట్టి 115 హార్స్‌పవర్‌కు పెంచారు, మీరు చూసిన 1988 కారు ఈ రకానిదై ఉండాలి. 1986 చివరికే 1,905 సీసీలతో, 130 హార్స్‌పవర్‌తో 1.9 వచ్చింది. అంటే ఇంట్లో పెద్దకొడుకు 1.6. 1.9 కాస్త ఒళ్లు చేసిన తమ్ముడు.

ఈ అన్నదమ్ముల మధ్య తేడా ఎక్కడుందో చూడాలంటే ఇంజన్ లోపలికి వెళ్లాలి. మీరు ఇంజనీరు కనుక కొంచెం వివరంగానే చెబుతాను. రెండు ఇంజన్లలోనూ సిలిండరు వ్యాసం ఒక్కటే, 83 మిల్లీమీటర్లు. మార్చిందల్లా పిస్టన్ పైకీ కిందికీ నడిచే దూరాన్ని. 1.6లో అది 73 మిల్లీమీటర్లు, 1.9లో 88. మన ఇళ్లలో పూర్వం ఉండే తిరగలిని గుర్తు చేసుకోండి. పిడిని మధ్య మేకుకు దూరంగా బిగిస్తే తక్కువ బలంతో రాయి కదులుతుంది, కాని ప్రతి చుట్టుకూ చెయ్యి ఎక్కువ దూరం తిరగాలి కనుక వేగంగా విసరడం కష్టమవుతుంది. దగ్గరగా బిగిస్తే బలం ఎక్కువ పెట్టాలి, రాయి మాత్రం గిరగిరా తిరుగుతుంది. క్రాంక్‌షాఫ్టు చేసే పని అచ్చం ఇదే. 1.9లో పిడి మధ్య నుంచి 44 మిల్లీమీటర్ల దూరంలో ఉంటే 1.6లో ముప్పై ఆరున్నర మిల్లీమీటర్ల దూరంలో ఉంది. నిమిషానికి 6,000 చుట్ల వేగంలో 1.9 పిస్టన్ సగటున సెకనుకు 17.6 మీటర్లు పరుగెత్తవలసి ఉండగా, 1.6 పిస్టన్‌కు 14.6 మీటర్లు చాలు. అందుకే 1.6 ఇంజన్ మీటరు మీద గరిష్ఠ చుట్ల హద్దు చూపే ఎర్ర గీత వైపు ఆనందంగా వెళుతుంది, 1.9 ఇంజన్ మాత్రం అక్కడికి వెళ్లగలిగినా కొంచెం గొణుగుతూ, స్టీరింగ్‌లోనూ నేలలోనూ అదురు తెలిసేలా వెళుతుంది.

దీనికి ప్రతిఫలంగా 1.9కు దక్కింది లాగుడు. 115 హార్స్‌పవర్ల 1.6 టార్క్, అంటే తిప్పే బలం, సుమారు 133 న్యూటన్ మీటర్లు, 1.9ది 160కి పైన. హార్స్‌పవర్‌లో తేడా పదిహేనే అయినా చేతికి తెలిసే తేడా ఈ ఇరవై శాతమే. మూడో గేరులో, ఇంజన్ నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు, యాక్సిలరేటర్ తొక్కితే 1.9 వెంటనే ముందుకు దూకుతుంది. 1.6లో అదే పికప్ కావాలంటే రెండో గేరుకు దించాలి. గేరు దించడం మీకు శ్రమ అనిపిస్తుందా, సరదా అనిపిస్తుందా అన్నదే ఈ రెండు కార్ల మధ్య మీరు ఇచ్చుకోవలసిన మొదటి జవాబు. నాకైతే అది సరదా. ఆఫీసు దారి కోసం మరో కారు పెట్టుకుని, సెలవు రోజున నడపడం కోసమే దీన్ని కొంటున్న మనిషికి కూడా అది సరదాగానే ఉంటుందని అనుకుంటున్నాను.

మీ దారిని ఒకసారి ఊహించుకుందాం. టూలూజ్ నుంచి లూషోన్ వైపు మొదటి భాగం ఏ64 మోటారు రహదారి, అక్కడ 130 వేగానికి అనుమతి ఉంది. 1.6 గేర్లు పొట్టివి, అందుచేత అయిదో గేరులో ఆ వేగానికి ఇంజన్ నాలుగువేల చుట్లు దాటి తిరుగుతూ ఉంటుంది. శబ్దాన్ని అణిచే సరంజామా పెద్దగా లేని ఎనభైల నాటి చిన్న కారులో అది గంటసేపు చెవుల దగ్గర కందిరీగల తుట్టె పెట్టుకున్నట్టుంటుంది. 1.9 గేర్లు కొంత పొడవైనవి కనుక అదే వేగానికి కొన్ని వందల చుట్లు తక్కువ తిరుగుతుంది. ఈ ఒక్క దారిలో 1.9దే పైచేయి అని ఒప్పుకోవాలి. అయితే మీరు బయలుదేరేది ఆ మోటారు రహదారి కోసం కాదు గదా. లూషోన్ దాటి పెయిర్‌సూర్ద్ కనుమకు, అటునుంచి ఆస్పిన్ కనుమకు ఎక్కే ఘాట్ రోడ్డు కోసం. ఒకటి 1,569 మీటర్ల ఎత్తు, రెండోది 1,489. అక్కడి మలుపులు రెండో గేరుకూ మూడో గేరుకూ పుట్టినవి. పొట్టి గేర్ల 1.6 అక్కడ ఒక మలుపు నుంచి మరో మలుపుకు ఇంజన్‌ను పూర్తిగా పాడించుకుంటూ పోతుంది, వేగం మాత్రం అంత ప్రమాదకరంగా పెరగదు. అదే తృప్తి 1.9లో పొందాలంటే మరింత వేగంగా వెళ్లాలి, ఫ్రాన్స్‌లో చాలా చిన్న దారుల మీద పరిమితి 80 మాత్రమే. నూరు కిలోమీటర్ల వేగం అందుకోవడంలో ఇద్దరికీ తేడా దాదాపు ఒక సెకను. ఈ రోజు మీ ఆఫీసు కారు కూడా ఆ పనిలో ఈ రెండింటికీ సమంగా నిలవవచ్చు. ఆ సెకను కోసం నలభై ఏళ్ల నాటి కారు కొనడంలో అర్థం లేదు.

ఇక 205 జీటీఐ గురించి అందరూ కథలుగా చెప్పుకునే గుణం ఒకటుంది, దానిని మీ ఆవిడ ముందు కాకపోయినా మీకు చెప్పి తీరాలి. ఈ కారు చక్రాల మధ్య దూరం 2,420 మిల్లీమీటర్లు, బరువు 1.6కు సుమారు 850 కిలోలు, 1.9కు ఇంకో పాతిక కిలోలు. ఆ బరువులో ఎక్కువ భాగం ముందు చక్రాల మీదే ఉంటుంది. వేగంగా మలుపు తిరుగుతూ, భయపడి ఒక్కసారిగా యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసేస్తే, ఉన్న కాస్త బరువూ ముందుకు ఒరిగి వెనక చక్రాలు తేలికై రోడ్డు పట్టు వదులుతాయి, కారు తోక బయటి వైపుకు జారుతుంది. నేర్చినవాడు దీనిని వాడుకుని మలుపును బిగిస్తాడు. తెలియనివాడు తడి రోడ్డు మీద వెనకకు తిరిగి కంచెలో ఆగుతాడు. రెండు కార్లలోనూ ఈ గుణం ఉంది, కాని కాలు తీసినప్పుడు పెద్ద ఇంజన్ పట్టి లాగే బలం ఎక్కువ, మలుపులోకి తెచ్చిన వేగం కూడా సాధారణంగా ఎక్కువే కనుక 1.9లో అది మరింత తొందరగా, మరింత తీవ్రంగా కనిపిస్తుంది. మొదటి రెండు నెలలు మలుపుకు ముందే బ్రేకు పని ముగించి, మలుపులో కుడికాలిని స్థిరంగా ఉంచే అలవాటు చేసుకోండి. మన ఘాట్ రోడ్ల మీద బస్సు డ్రైవర్లు మలుపుకు ముందే గేరు దించుకునే పద్ధతి ఇక్కడా పనికొస్తుంది.

మిగతా తేడాలను త్వరగా ముగిస్తాను. 1.6కు 14 అంగుళాల చక్రాలు, 1.9కు 15 అంగుళాలవి. టైరు వెడల్పు రెండింటికీ 185 మిల్లీమీటర్లే, కాని పక్కగోడ 1.6లో 111 మిల్లీమీటర్లు, 1.9లో 102. ఆ తొమ్మిది మిల్లీమీటర్ల రబ్బరు గతుకుల మీద నడుముకు తెలుస్తుంది. 1.6 వెనక చక్రాలకు డ్రమ్ము బ్రేకులు, 1.9కు నాలుగు చక్రాలకూ డిస్కులు. కాగితం మీద డిస్కులే గొప్ప, అయితే ఎక్కువ కాలం కదలకుండా నిలబెట్టిన కార్లలో డిస్కును నొక్కి పట్టే ఆ వెనక కాలిపర్లు బిగుసుకుపోవడం మామూలు. 1.9 సీట్లకు పక్కల తోలు ఉంటుంది, మనిషి ఎక్కి దిగేచోట అది చిరిగిపోతుంది. 1.6 గుడ్డ సీట్లు చూడటానికి సాదా అయినా వేసవిలో ఒంటికి హాయి. ఈ కార్లలో ఏసీ ఉంటుందని ఆశించకండి.

ఇప్పటివరకు చెప్పినదాన్ని బట్టి, మీ దారికీ మీ వాడకానికీ 1.6 సరిపోవడమే కాదు, నా దృష్టిలో అదే మెరుగైన ఎంపిక. మీరు పారిస్‌లో ఉండి, ప్రతి సెలవుకూ ఆరేడు గంటలు మోటారు రహదారి మీదే గడపవలసినవారైతే 1.9 అని ఉండేవాణ్ణి. మార్కెట్లో 1.9కే గిరాకీ ఎక్కువన్న మాట నిజమే, రేపు అమ్మాలనుకున్నా అదే త్వరగా అమ్ముడవుతుంది. కాని మీ ఉత్తరంలో ఎక్కడా అమ్మకం గురించి లేదు, లూషోన్ గురించి ఉంది.

ఇది రకాల సంగతి. మీ ముందున్నవి రకాలు కావు, రెండు నిర్దిష్టమైన కార్లు. వాటి విషయంలో నా అనుమానమంతా ఆ ఎర్ర కారు మీదే. ముప్పై అయిదేళ్లు దాటిన కారుకు బిల్లులు లేవంటే, మీటరు మీద కనిపించే 1,12,000 అన్నది ఒక అంకె మాత్రమే, దానికి సాక్షి లేడు. కొత్త రంగు మంచిదే, కాని రంగు కింద ఏముందో చూపించే ఫొటోలు లేకపోతే అది తుప్పు మీద కప్పిన దుప్పటి కూడా కావచ్చు. అమ్మే వ్యక్తిని హిస్టోవెక్ నివేదిక ఇమ్మని అడగండి. ఫ్రెంచి ప్రభుత్వమే ఉచితంగా నడిపే సేవ అది, దానిలో యజమానులు మారిన తేదీలు కనబడతాయి. ఆరు నెలలు దాటని కంట్రోల్ టెక్నిక్ (కారు రోడ్డుకు తగినదేనా అని చూసే తప్పనిసరి తనిఖీ) నివేదిక ఇవ్వడం కూడా అమ్మేవారి బాధ్యతే. పాత నివేదికలు దొరికితే వాటి మీద రాసిన కిలోమీటర్లను వరుసగా పేర్చి చూడండి. అంకెలు పెరుగుతూ వచ్చాయా, మధ్యలో ఒకచోట వెనక్కి నడిచాయా అన్నది అక్కడే తేలిపోతుంది.

ఆ కారు పుట్టుకతోనే 1.9 అవునా అన్నది కూడా చూడాలి. బయటి నుంచి రెండు ఇంజన్ల కొలతలూ ఒకటే కనుక, 1.6 కారులో 1.9 ఇంజన్ దించి, చక్రాలు మార్చి, వెనక అక్షరాలు అంటించడం గంటల పని. ఇంకొందరు సిట్రోయెన్ బీఎక్స్‌లోనూ ప్యూజో 405 ఎంఐ16లోనూ వచ్చిన 160 హార్స్‌పవర్ల పదహారు వాల్వుల ఇంజన్‌ను ఇందులోకి దించుతారు. అది గొప్ప సరదా కారే గాని, కాగితాల్లో ఆ మార్పు నమోదు కాకపోతే ప్రమాదం జరిగిన రోజున బీమా కంపెనీ ముందు మీరే జవాబు చెప్పుకోవాలి. అసలు 1.9 ఇంజన్ మీద డి6బి అన్న గుర్తు ఉంటుంది. చివరి ఏళ్లలో కెటలిటిక్ కన్వర్టర్‌తో వచ్చి 122 హార్స్‌పవర్‌కు తగ్గిన రకానికైతే డీకేజెడ్ అని ఉంటుంది. ఇంజన్ మీది గుర్తునూ, రిజిస్ట్రేషన్ పత్రంలో ఇంజన్ ఘనపరిమాణాన్ని రాసే గడినీ, చాసిస్ నంబరునూ ఒకదానితో ఒకటి సరిచూడకుండా బయానా ఇవ్వకండి.

రెండు కార్లలోనూ మీరు నేల మీద పడుకునైనా చూడవలసిన భాగం వెనక ఇరుసు. ఈ కారులో వెనక చక్రాలు ఒక్కొక్కటీ వెనకకు చాచిన చేయి చివర ఉంటాయి. ఆ చేయి అడ్డంగా ఉన్న గొట్టపు ఇరుసు చివర సూదుల్లాంటి సన్నని రోలర్లున్న బేరింగు మీద ఊగుతుంది. స్ప్రింగు పని చేసేది చుట్టలు చుట్టిన స్ప్రింగు కాదు, మెలితిరిగే ఉక్కు కడ్డీ. వెనకవైపు ఇంత తక్కువ ఎత్తులో ఇమిడిపోవడం వల్లే డిక్కీ అంత విశాలంగా ఉంటుంది. కాని ఏళ్లు గడిచేకొద్దీ సీళ్లు పాడై నీరు లోపలికి చేరితే గ్రీజు కొట్టుకుపోతుంది, ఆ సూదులు కడ్డీ లాంటి షాఫ్టు మీద గాడులు తీస్తాయి. అప్పుడు చేయి వదులై, వెనక నుంచి చూస్తే చక్రాల పైభాగం లోపలికి వాలి కనిపిస్తుంది. పాత ఎడ్లబండి ఇరుసు వదులైనప్పుడు చక్రం ఎలా ఒరుగుతుందో అలాగే. ఇంకా ముదిరితే గతుకు వచ్చినప్పుడల్లా కిర్రుమంటుంది, టైరు లోపలి అంచు ముందుగా అరిగిపోతుంది. సమతలం మీద కారును నిలబెట్టి పదడుగుల వెనక నుంచి చూడండి. వాలు ఏమాత్రం కనిపించినా ఇరుసు మొత్తం దించి షాఫ్టులు, బేరింగులు మార్చాల్సిందే, అది ఒక్క మధ్యాహ్నంలో అయ్యే పని కాదు. 205ల మీదే పనిచేసే గ్యారేజీలు పూర్తిగా బాగుచేసిన ఇరుసును తెచ్చి పాతదాన్ని తీసుకునే పద్ధతి కూడా ఉంది. 1.6 ఫైలులో ఈ పనికి సంబంధించిన బిల్లు ఒక్కటి కనబడితే, వెలిసిన రంగు గురించి మీరు మళ్లీ ఆలోచించనక్కరలేదు.

తుప్పు కోసం ముందు అద్దం కింది అంచు, జాకీ పెట్టే చోట్లు, వెనక తలుపు అంచులు, సన్‌రూఫ్ ఉంటే దాని చుట్టూ చూడండి. చాపలు ఎత్తి నేలను చేత్తో తడిమితే తడి తెలుస్తుంది. టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చారో బిల్లు లేకపోతే మార్చలేదనే అనుకోవాలి. ఈ ఇంజన్‌లో వాటర్ పంపును తిప్పేది కూడా అదే బెల్టు గనుక రెండింటినీ కలిపి మార్చించడం మంచిది. అల్యూమినియం బ్లాకు, అందులో విడిగా దించిన తడి లైనర్లు (కూలెంట్ నేరుగా తగిలే సిలిండరు గొట్టాలు) ఉన్న ఈ ఇంజన్లు వేడెక్కడాన్ని సహించవు, కనుక కూలెంట్‌లో నూనె జాడ, ఇంజన్ ఆయిల్ మూత కింద తెల్లటి మీగడ లాంటి పదార్థం కనిపిస్తే మాట ముగించి వచ్చేయండి. నిదానంగా తిరిగేటప్పుడు చుట్లు హెచ్చుతగ్గులవుతుంటే మాత్రం కంగారుపడకండి. ఎక్కువసార్లు అది గాలి లీకయ్యే ఒక రబ్బరు గొట్టం తాలూకు జబ్బే.

ధర విషయానికి వస్తే, రెండింటి మధ్య ఉన్న 4,500 యూరోలను నేను 1.9 ఖరీదుగా చూడను, 1.6 సంరక్షణకు మీ చేతిలో మిగిలే సొమ్ముగా చూస్తాను. బెల్టు, నాలుగు టైర్లు, బ్రేకు గొట్టాలు, ఇంధనపు రబ్బరు గొట్టాలు ఆ డబ్బులో మొదట వెళ్లవలసిన చోట్లు. రంగు ఆఖరున. సాధ్యమైతే ఎథనాల్ తక్కువగా ఉండే ఎస్పీ98 పెట్రోలే వాడండి, పాత రబ్బరుకు ఎథనాల్ పడదు. ఇంజన్ భాగాలకు పెద్ద ఇబ్బంది లేదు, ఆ కాలపు ప్యూజోల్లోనూ సిట్రోయెన్లలోనూ అవే ఇంజన్లు తిరిగాయి. దొరకనివి ప్లాస్టిక్ పట్టీలు, సీటు గుడ్డ, చిన్న చిన్న లోపలి అలంకరణలు. సోషోలో మ్యూజియం నడిపే లావాంత్యూర్ ప్యూజో సంస్థ కొన్ని భాగాలను తిరిగి చేయించి అమ్ముతోంది, అక్కడ ఒకసారి విచారించండి. అందుకే లోపలంతా అసలుదై, చెక్కుచెదరని కారుకు పైన కొత్త రంగు ఉన్న కారు కంటే ఎక్కువ విలువ కడతాను.

ముప్పై ఏళ్లు దాటాయి కనుక రెండు కార్లకూ పాతకాలపు కార్లకు ఇచ్చే ‘కలెక్షన్’ రిజిస్ట్రేషన్ పొందే అర్హత ఉంది. దాని వల్ల కంట్రోల్ టెక్నిక్ రెండేళ్లకు బదులు అయిదేళ్లకొకసారి వస్తుంది. కారును మార్చేసి ఉంటే ఆ గుర్తింపు దగ్గర చిక్కు రావచ్చు, ఎర్ర కారు విషయంలో ఇదీ గుర్తుంచుకోండి. బీమా తీసుకునేటప్పుడు నిపుణుడి చేత విలువ కట్టించి, ఆ మొత్తాన్ని ముందే ఒప్పందంలో రాయించుకోండి.

మీ ఆవిడగారి బెంగను తీసిపారేయలేను. జీటీఐకి పక్కన రెండే తలుపులు, పాపను ముందు సీటు వంచి వెనక్కి ఎక్కించాలి. ఎయిర్‌బ్యాగులు లేవు, ఇప్పటి పిల్లల సీట్లను బిగించే కొక్కేలు లేవు, పక్కనుంచి గుద్దితే తలుపు రేకుకూ మనిషికీ మధ్య ఉన్నది చాలా తక్కువ. వెనక బెల్టుల పరిస్థితి చూసి, బెల్టుతో బిగించే రకం పిల్లల సీటు అందులో కదలకుండా కూర్చుంటుందో లేదో కొనే ముందే, మీ సీటును వెంట తీసుకెళ్లి పరీక్షించండి. అప్పుడైనా పాపతో వెళ్లేది ఊరి చుట్టుపక్కల నెమ్మదైన దారుల వరకే ఉంచి, మోటారు రహదారికీ కనుమలకూ కుటుంబమంతా వెళ్లే రోజున ఆఫీసు కారే తీయమని నా సలహా. ఈ విషయంలో 1.6కూ 1.9కూ భేదం లేదు.

మొదట 1.6నే చూడటానికి వెళ్లండి. మీరు వచ్చేదాకా ఇంజన్ ఆన్ చేయవద్దని యజమానికి ముందురోజే చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి, చల్లగా ఉండాలి. చల్లని ఇంజన్ స్టార్టయిన తొలి క్షణాల్లో పొగ గొట్టం నుంచి నీలిపొగ ఒక్కసారి వచ్చి ఆగిపోతే వాల్వు సీళ్లు వయసు మీరాయని అర్థం, బేరమాడటానికి పనికొస్తుంది. ఆగకుండా వస్తూనే ఉంటే బేరం వద్దు. ఆ కారు వెనక ఇరుసూ, నేలా బాగుంటే ఎర్ర కారును చూడటానికి వెళ్లకుండా ఉండగలరేమో ప్రయత్నించండి. వెళితే మాత్రం చెప్పినవన్నీ సరిచూశాకే ధర మాట్లాడండి.

నాన్నగారి 309 సంగతి. చుట్టరికం ఉంది, దగ్గరిదే. 309ను మొదట ప్యూజో చేతిలోనే ఉన్న టాల్బోట్ అనే మరో బ్రాండు పేరుతో అమ్మాలని తయారుచేశారు. ఖర్చు కలిసిరావాలని 205 అడుగుభాగాన్నే పొడిగించి వాడారు. 1990ల మధ్యలో ప్రీమియర్ కంపెనీతో కలిసి ముంబయి దగ్గరి కళ్యాణ్‌లో మన దేశం కోసం తయారుచేసినవి చిన్న పెట్రోలు, డీజిలు ఇంజన్ల రకాలు. యూరప్‌లో మాత్రం 309కూ జీటీఐ ఉండేది, అందులో ఉన్నది మీరు చూసిన 1.9 ఇంజనే. అరిగిన 205 వెనక ఇరుసుకు బదులు 309 జీటీఐ ఇరుసు తెచ్చి వేసుకునే వాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఇంకొక సంగతి కూడా ఉంది, 309కు తలుపులు కొత్తగా గీయలేదు, 205 తలుపులనే పెట్టారు. మీరు కొనబోయే జీటీఐలో పొడవాటి తలుపులు రెండే కనుక ఆ పోలిక దానిలో కనిపించదు. టూలూజ్ వీధుల్లో ఎక్కడైనా నాలుగు పక్క తలుపుల మామూలు 205 ఆగి ఉంటే, ఫొటో తీసి నాన్నగారికి పంపండి. ఆ తలుపును ఆయన గుర్తుపట్టవచ్చు.